కాన్పు అంటే వణుకు వస్తోంది. ఏం తెలుసుకుంటే మీకు ధైర్యం వచ్చింది?

వెన్నెల_చినుకు

నాకు ఎనిమిదో నెల నడుస్తోంది. తొలి కాన్పు. స్కాన్లు, రక్తపరీక్షలు అన్నీ బాగున్నాయి. బిడ్డ తల కిందికే ఉందని డాక్టర్ గారు చెప్పారు. అయినా రాత్రి పడుకుంటే చాలు, గుండె దడ మొదలవుతుంది. నెలలు నిండేకొద్దీ సంతోషం పెరగాల్సింది పోయి భయం పెరుగుతోంది.

ఎవరికి చెప్పుకున్నా "అందరూ కనడం లేదా? నీకొక్కదానికేనా?" అంటున్నారు. ఆ మాట విన్నాక ఇంకెవరి దగ్గరా నోరు విప్పాలనిపించడం లేదు. ఫోన్ తెరిస్తే ప్రసవం వీడియోలే. చూడకుండా ఉండలేను, చూస్తే నిద్ర పట్టదు. ఇదంతా ఎందుకు, ముందే ఆపరేషన్ చేసేయమని అడిగేద్దామా అని కూడా అనిపిస్తోంది.

కన్నవాళ్ళు, ఆ పనిలో ఉన్నవాళ్ళు దయచేసి ఉన్నదున్నట్టు చెప్పండి. ఊరడించడానికి తీపి మాటలు వద్దు.

ఇద్దరి_అమ్మ

భయపడుతున్నందుకు ముందు నిన్ను నువ్వు తిట్టుకోవడం మానెయ్ చెల్లీ. అందరూ కంటున్నారన్నది నిజమే. అలా కన్నవాళ్ళలో చాలామంది భయపడుతూనే కన్నారన్నది కూడా నిజమే.

నాకు పనికొచ్చింది ఒకటి చెప్తాను. "కాన్పంటే భయం" అని ఊరికే అనుకుంటూ ఉంటే దానికి మందు లేదు. అసలు దేనికి భయం? నొప్పికా? కుట్లకా? బిడ్డకు ఏమైనా అవుతుందనా? నలుగురి ముందు బట్టలు లేకుండా పడుకోవాలనా? నా మాట ఎవరూ వినరనా? ఒక కాగితం తీసుకుని విడివిడిగా రాయి. నేను రాసుకున్నప్పుడు తెలిసింది, నా అసలు భయం నొప్పి గురించి కాదు, చెప్పకుండా నాకేదో చేసేస్తారని. దానికి మందు వేరు. డాక్టర్ గారితో కూర్చుని "ఏం చేసినా ముందు ఒక్క మాట చెప్పండి" అని అడిగాను. ఆవిడ నా ఫైలు మీద రాసి పెట్టారు కూడా. అక్కడితో సగం బరువు దిగింది.

నువ్వూ రాసి ఇక్కడ పెట్టు. ఒక్కోదానికీ తెలిసినవాళ్ళు చెప్తారు.

వెన్నెల_చినుకు

రాశాను అక్కా. రాస్తుంటేనే ఏడుపొచ్చింది.

నొప్పి గంటల తరబడి ఆగకుండా వస్తుందేమో, మధ్యలో చేతులెత్తేస్తానేమో. నేను అరిస్తే అక్కడివాళ్ళు విసుక్కుంటారేమో. కింద చిరిగిపోతుందేమో. పేగు మెడకు చుట్టుకుంటుందేమో. నడుముకు సూది వేస్తే జీవితాంతం నడుంనొప్పి ఉంటుందట, అదొకటి. అన్నిటికంటే పెద్దది నొప్పి ఆగకుండా ఉండడం. ఊపిరి కూడా తీసుకోలేనేమో అనిపిస్తోంది.

లేబర్‌రూమ్_సిస్టర్

అమ్మా, నేను చాలా ఏళ్ళుగా లేబర్ రూమ్‌లోనే పని చేస్తున్నాను. నువ్వు పెద్దదన్న భయంతోనే మొదలుపెడతాను. అందులో ఒక మాట తప్పు: పురిటినొప్పి ఆగకుండా రాదు.

గర్భసంచి ఒక కండరం. అది బిగుసుకున్నప్పుడు నొప్పి, వదిలినప్పుడు విశ్రాంతి. నొప్పి నెమ్మదిగా మొదలవుతుంది, పెరుగుతుంది, గట్టిగా పట్టేస్తుంది, మళ్ళీ దిగిపోతుంది. బాగా ముదిరిన నొప్పి కూడా దాదాపు ఒక నిమిషం ఉంటుంది. అందులో నిజంగా ఓర్చుకోవాల్సిన భాగం మధ్యలోని కొద్ది సెకన్లు. తర్వాత రెండు మూడు నిమిషాలు ఖాళీ. ఆ ఖాళీలో చాలామంది కళ్ళు మూసుకుని నిద్రలోకి జారిపోతారు. గురక పెట్టినవాళ్ళను కూడా చూశాను. అంటే నొప్పులు గట్టిగా వస్తున్న సమయంలో కూడా పది నిమిషాల్లో సగానికి పైగా నొప్పి లేని సమయమే. వీడియో తీసినవాళ్ళు ఆ సమయం మీకు చూపించరు.

ఇక గంటల లెక్క. మొదట్లో నొప్పులు దూరం దూరంగా, తక్కువగా వస్తాయి. గర్భసంచి ముఖం మెత్తబడి, పల్చబడి, తెరుచుకోవడం మొదలయ్యే దశ ఇది. తొలి కాన్పులో ఒక పూట పట్టొచ్చు, రోజంతా పట్టొచ్చు. ఈ దశ ఇంట్లో గడిపితేనే హాయి, అయితే డాక్టర్ సరేనంటేనే. ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాక అసలు నొప్పులు మొదలైనట్టు. అక్కడి నుంచి తొలి కాన్పులో సాధారణంగా 12 గంటలు దాటదు, తర్వాతి కాన్పుల్లో 10 గంటలు దాటదు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. పూర్వం గంటకో సెంటీమీటరు తెరుచుకోవాలని పట్టుబట్టేవారు. తల్లీబిడ్డా బాగున్నప్పుడు ఆ ఒక్క లెక్క పట్టుకుని తొందరపడొద్దని అదే మార్గదర్శకాలు చెప్పాయి. కాబట్టి "ఇంకా నాలుగే" అని ఎవరైనా అంటే దిగులుపడకు. నువ్వు వెనకబడిపోయినట్టు కాదు.

ఒక్కటి మాత్రం బాగా గుర్తుపెట్టుకో. ముఖద్వారం పూర్తిగా తెరుచుకోబోయే ముందు కొద్దిసేపు చాలా కష్టంగా ఉంటుంది. కాళ్ళు వణుకుతాయి, వాంతి రావచ్చు, చెమట, ఒకసారి వేడి ఒకసారి చలి. "ఇక నా వల్ల కాదు, ఇంటికి పంపేయండి" అంటారు. ఆ మాట వినగానే మేం లోపల్లోపల సంతోషిస్తాం, ఎందుకంటే చాలాసార్లు అది చివరికొచ్చిన గుర్తు. నువ్వు చేతులెత్తేస్తానేమో అని భయపడుతున్నావు చూడు, ఆ క్షణం దాదాపు అందరికీ వస్తుంది. ఒళ్ళు మాత్రం తన పని తాను చేసుకుపోతుంది.

అరవడం గురించి: అరిచెయ్ తల్లీ. గొంతు సన్నగా బిగించి కీచుమని అరిస్తే అలసట పెరుగుతుంది. లోతుగా, మూలిగినట్టు అరిస్తే దవడ, భుజాలు వదులవుతాయి. లేబర్ రూమ్‌లో కేకలు మాకు రోజూ ఉండేవే. ఎవరైనా కసురుకున్నా, చెయ్యి చేసుకున్నా అది వాళ్ళ తప్పు, నీది కాదు. గౌరవంగా చూడమని అడిగే హక్కు నీకుంది.

నీలికలువ

మనసు గట్టిగా ఉంటే అసలు నొప్పే ఉండదు. నాకు మందు లేకుండా, సూది లేకుండా కాన్పయింది. భయమే నొప్పికి మూలం. శ్వాస మీద ధ్యాస పెట్టండి. మందులు, ఆపరేషన్లు అన్నీ మన శరీరం మీద మనకు నమ్మకం లేకపోవడం వల్లే వచ్చాయి.

చదువరి

నీలికలువ గారూ, మీ అనుభవం మీది, దాన్ని కాదనను. కానీ ఇందులో సగమే నిజం, రెండో సగం వల్ల కొందరికి హాని ఉంది. అందుకే రాస్తున్నాను.

భయానికీ నొప్పికీ ముడి ఉందన్న ఆలోచన పాతదే. గ్రాంట్లీ డిక్-రీడ్ అనే బ్రిటిష్ డాక్టర్ 1930లలోనే చెప్పారు: భయం వల్ల ఒళ్ళు బిగుస్తుంది, ఒళ్ళు బిగిస్తే నొప్పి పెరుగుతుంది, నొప్పి మళ్ళీ భయాన్ని పెంచుతుంది. ఫ్రాన్స్‌లో ఫెర్నాండ్ లమాజ్ 1951లో సోవియట్ యూనియన్ వెళ్ళి అక్కడి పద్ధతి చూసొచ్చి, గర్భిణులకు ముందే అన్నీ వివరించి శ్వాస నేర్పించడం మొదలుపెట్టారు. ఇప్పటి క్లాసులకు మూలాలు అక్కడున్నాయి. భయపడ్డప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, అది ఎక్కువైతే నొప్పులు సరిగా సాగకపోవచ్చు. నార్వేలో 2,206 మందిని పరిశీలించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, కాన్పంటే బాగా భయమున్నవాళ్ళకు మిగతా కారణాలన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా సగటున 47 నిమిషాలు ఎక్కువ పట్టింది.

ఆ అంకెను ఇంకోవైపు నుంచి కూడా చూడండి. భయం వల్ల కాన్పు కాకుండా పోలేదు. మొత్తం మీద ముప్పావు గంట తేడా. భయపడుతున్నవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక "మనసు గట్టిగా ఉంటే నొప్పే ఉండదు" అన్నది. నొప్పి ఎక్కువ రావడానికి బిడ్డ తల తిరిగి ఉన్న తీరు, బిడ్డ బరువు, అలసట, నొప్పులు తెప్పించే మందు ఇవ్వడం ఇలా ఎన్నో కారణాలుంటాయి. బిడ్డ వెన్ను అమ్మ వెన్నువైపు ఉంటే నడుము విరిగిపోయేంత నొప్పి వస్తుంది. అప్పుడు ఆమెకు ధైర్యం చాలలేదంటే అంతకంటే అన్యాయం ఉండదు. తెలుసుకోవడం వల్ల వచ్చే ధైర్యం నొప్పి రాకుండా ఆపేది కాదు. నొప్పి వచ్చినప్పుడు ఇదేమిటో, తర్వాత ఏమవుతుందో, ఎవరిని ఏం అడగాలో తెలిసుండడం. నా దృష్టిలో అంతకు మించి దాని మీద బరువు వేయకూడదు.

నిండు_ఆకాశం

చదువరి గారు ఇది రాసినందుకు చాలా థ్యాంక్స్. నేను రెండో బిడ్డ గురించి ఆలోచించడానికే వణికిన మనిషిని.

నా మొదటి కాన్పులో అన్నీ చదువుకునే వెళ్ళాను. చివర్లో ఒక్కసారిగా గదినిండా మనుషులు, ఎవరూ ఏమీ చెప్పరు, పరుగులు, తర్వాత ఆపరేషన్. బిడ్డ క్షేమం, నేనూ క్షేమం. అందరూ "ఇంకేం కావాలి" అన్నారు. నాకు మాత్రం చాలాకాలం ఆసుపత్రి వాసన తగిలితే చెమట పట్టేది. కాన్పంటే ఇలా విపరీతంగా భయపడడానికి టోకోఫోబియా అని పేరుందని తర్వాత తెలిసింది. బ్రిటన్‌లో ఇద్దరు సైకియాట్రిస్టులు 2000లో దీని గురించి వివరంగా రాశారు. ఎన్నడూ కననివాళ్ళలో వచ్చేది ఒక రకం, ఒక చేదు అనుభవం తర్వాత వచ్చేది ఇంకో రకం. నాది రెండోది.

నాకు పుస్తకాలు పనిచేయలేదు. ఎన్ని చదివినా భయం కదల్లేదు. పనిచేసినవి రెండు. ఒకటి, నా కాన్పు రికార్డు తెప్పించుకుని ఒక డాక్టర్ గారి ముందు కూర్చుని నిమిషం నిమిషం చదివించుకోవడం. బిడ్డ గుండె చప్పుడు పడిపోయిందట, తిరిగి లేవలేదట, అందుకే అంత హడావుడి. ఆ పావుగంటలో ఎవరు ఏం చేస్తున్నారో ఆవిడ వేలు పెట్టి చూపించారు. నా తల దగ్గర నిలబడి ఏమీ మాట్లాడని మనిషి బిడ్డ కోసం సిద్ధంగా ఉన్న పిల్లల డాక్టర్ అట. ఇన్నాళ్ళూ ఆయన ముఖమే నాకు కలలోకి వచ్చేది. రెండోది, ఇలాంటివి చూసే కౌన్సెలర్ దగ్గరకు వెళ్ళడం.

వెన్నెలా, నీకు నిద్ర పట్టకపోవడం, అదే ఆలోచన పదేపదే రావడం, చెకప్‌కి వెళ్ళాలంటేనే కాళ్ళు ఆడకపోవడం లాంటివి ఉంటే అది ఉత్త టెన్షన్ కాదు. డాక్టర్‌తో ఈ మాటలే చెప్పు: "నాకు కాన్పంటే విపరీతమైన భయం, దీనికి సాయం కావాలి." సిగ్గు పడాల్సింది ఏమీ లేదు.

చదువరి

నిండు_ఆకాశం గారు చెప్పినదానికి ఒక ఆధారం. ఫిన్లాండ్‌లో తీవ్రమైన ప్రసవ భయం ఉన్న 371 మంది తొలిచూలు గర్భిణుల మీద ఒక పరీక్ష జరిగింది, 2013లో వచ్చింది. కొందరిని సైకాలజిస్ట్ నడిపే చిన్న గుంపుల్లో కడుపుతో ఉండగా ఆరుసార్లు, కాన్పయ్యాక ఒకసారి కూర్చోబెట్టి మాట్లాడించారు. సమాచారం చెప్పడమే కాదు, ఒళ్ళు వదులుచేసుకోవడం కూడా అందులో భాగం. మామూలు చెకప్‌లతో సరిపెట్టినవాళ్ళ కంటే వీళ్ళలో సహజ ప్రసవాలు ఎక్కువయ్యాయి, సిజేరియన్లు తగ్గాయి. అంటే ఇంత భయం ఉన్నవాళ్ళకు కూడా దారి ఉంది, కాకపోతే ఒంటరిగా చదువుకుంటే చాలదు.

నిర్వాహకులు

ఈ చర్చలో ప్రసవం వీడియోల లింకులు పెట్టవద్దని మనవి. పెట్టిన రెండూ తొలగించాం.

మత్తు_డాక్టర్

నేను మత్తు డాక్టర్‌ని. నడుముకు వేసే సూది గురించి వచ్చినంత పుకార్లు మా రంగంలో ఇంకే విషయం మీదా రాలేదు. ఎపిడ్యూరల్ అనే ఈ నొప్పి తగ్గించే సూది ఎలా వేస్తామో మొత్తం చెప్తాను, ఊహించుకోవడానికి ఏమీ మిగలకుండా.

నిన్ను మంచం అంచున కూర్చోబెట్టి, లేదా పక్కకు పడుకోబెట్టి, వీపు గుండ్రంగా వంచమంటాం. నడుము కింది భాగాన్ని చల్లటి మందుతో తుడుస్తాం. ముందు చిన్న సూదితో చర్మానికి తిమ్మిరి మందు వేస్తాం, చురుక్కుమంటుంది. ఆ తర్వాత ఎపిడ్యూరల్ సూది వెళ్తుంటే నొక్కుతున్నట్టు ఉంటుంది. నొప్పి వస్తుంటే చెప్పు, అది తగ్గేదాకా మేం ఆగుతాం. కదలకుండా ఉండాల్సింది ఆ కొద్ది నిమిషాలే. సూదిలోంచి దారంలాంటి సన్నటి గొట్టం లోపలికి పంపి, సూది తీసేస్తాం. లోపల ఉండిపోయేది సూది కాదు, మెత్తటి గొట్టం. మందు ఎక్కించాక దాదాపు 15, 20 నిమిషాల్లో నొప్పి తగ్గుతుంది. మేం సూది వేసే చోటు వెన్నుపాము ముగిసిన చోటుకంటే కిందికి ఉంటుంది.

జీవితాంతం నడుంనొప్పి: ఎపిడ్యూరల్ తీసుకున్నవాళ్ళనూ తీసుకోనివాళ్ళనూ పోల్చి చూస్తే దీర్ఘకాలపు నడుంనొప్పిలో తేడా కనబడలేదు. కాన్పయ్యాక నడుంనొప్పి ఎలాగూ చాలామందికి వస్తుంది, ఆ నింద సూది మీద పడుతుంది. సూది వేసిన చోట కొన్నాళ్ళు సలుపు ఉండొచ్చు. సిజేరియన్ అవకాశం పెరుగుతుందన్నది కూడా నిలబడలేదు. ముక్కే దశ కొంత ఎక్కువసేపు సాగొచ్చు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. బీపీ పడిపోవచ్చు, అందుకే పదేపదే చూస్తుంటాం. దురద, వణుకు, జ్వరం రావచ్చు. మూత్రం గొట్టం పెట్టాల్సి రావచ్చు. దాదాపు వందలో ఒకరికి తర్వాత తీవ్రమైన తలనొప్పి వస్తుంది, దానికి చికిత్స ఉంది. ఒక్కోసారి ఒకవైపే పనిచేస్తుంది, అప్పుడు సరిచేస్తాం లేదా మళ్ళీ వేస్తాం. రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవాళ్ళకు, ప్లేట్‌లెట్లు బాగా తక్కువున్నవాళ్ళకు వేయలేకపోవచ్చు.

అన్ని ఆసుపత్రుల్లో 24 గంటలూ మత్తు డాక్టర్ ఉండరు. నీ ఆసుపత్రిలో రాత్రిపూట ఉంటారా, ఉండకపోతే నొప్పికి ఇంకేం ఇస్తారు అని ఇప్పుడే అడుగు. పీల్చుకునే గ్యాస్ కొన్నిచోట్ల ఉంటుంది, నైట్రస్ ఆక్సైడ్, ఆక్సిజన్ సగం సగం. నొప్పి పోదు కానీ దాని పదును తగ్గుతుంది, మాస్క్ తీసేస్తే కాసేపట్లోనే ప్రభావం పోతుంది.

నొప్పి తగ్గించుకోవడం బలహీనత అనేవాళ్ళు ప్రతి కాలంలోనూ ఉన్నారు. విక్టోరియా రాణికి 1853లో జాన్ స్నో అనే డాక్టర్ క్లోరోఫాం ఇచ్చినప్పుడూ పెద్ద గొడవే జరిగింది. కావాలనుకున్నవాళ్ళు తీసుకోవచ్చు, వద్దనుకున్నవాళ్ళు మానేయవచ్చు, మధ్యలో మనసు మార్చుకోవచ్చు.

కాబోయే_నాన్న

సిస్టర్ గారూ, నా భార్యకు వచ్చే నెలలో డేట్ ఇచ్చారు. నన్ను లోపలికి రానిస్తామన్నారు. నిజం చెప్పాలంటే అక్కడ నేనేం చేయాలో తెలీదు. అడ్డంగా నిలబడతానేమో అనిపిస్తోంది.

లేబర్‌రూమ్_సిస్టర్

అడ్డం కాదు బాబూ, నువ్వుండడమే పెద్ద సాయం. కాన్పు సమయంలో మొదటి నుంచి చివరిదాకా ఒక మనిషి పక్కనే ఉంటే ఏమవుతుందని 17 దేశాల్లో 15 వేలకు పైగా స్త్రీలతో జరిగిన పరీక్షలన్నీ కలిపి 2017లో చూశారు. నొప్పుల సమయం కొంత తగ్గింది, సిజేరియన్లు తగ్గాయి, నొప్పి మందుల అవసరం తగ్గింది, కాన్పు గురించి చేదుగా చెప్పినవాళ్ళూ తగ్గారు. తనకు నచ్చిన మనిషి తోడుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్తోంది. అది భర్తే కానక్కర్లేదు, అమ్మ, అక్క, స్నేహితురాలు ఎవరైనా సరే.

చేతితో చేసే పని ఒకటి నేర్చుకో. నడుము కింద, పిరుదుల పైన వెడల్పుగా ఉండే ఎముక ఉంటుంది. నొప్పి మొదలవగానే అరచేతిలో మణికట్టు దగ్గరి గట్టి భాగం అక్కడ ఆనించి నీ ఒంటి బరువు వేసి నొక్కు. నిమరకు, నొక్కు. నొప్పి దిగేదాకా తీయకు. చాలామంది ఇంకా గట్టిగా అంటారు. కాసేపయ్యాక "చెయ్యి తీసెయ్" అని విసుక్కోవచ్చు, మారు మాట్లాడకుండా తీసెయ్. ఖాళీలో ఒక గుక్క నీళ్ళు తాగించు. నొప్పి వచ్చినప్పుడు ప్రశ్నలు అడగొద్దు, ఏదైనా అడగాలంటే ఖాళీలోనే. భుజాలు చెవుల దాకా లేచి ఉంటే చేత్తో తాకి కిందికి దించు. ఊపిరి బిగబడుతుంటే నువ్వు ఆమెకు వినపడేలా నెమ్మదిగా వదులు, ఆమె ఊపిరి నీదాన్ని పట్టుకుంటుంది.

ఇంకొకటి. ఆమె అడగలేని ప్రశ్నలు నువ్వు అడగాలి. ఏదైనా చేద్దామన్నప్పుడు "ఇది ఎందుకు? ఇప్పుడే చేయాలా, కాసేపు ఆగొచ్చా? వేరే దారి ఉందా?" అని మర్యాదగా అడుగు. నిజంగా అత్యవసరమైతే మేం వెంటనే చెప్తాం, అప్పుడు పక్కకు జరిగి ఆమె తల దగ్గర ఉండు. కళ్ళు తిరిగితే కింద కూర్చో.

వెన్నెల_చినుకు

నేను చదువుతూనే ఉన్నాను. నొప్పికీ నొప్పికీ మధ్య నిద్రపోతారన్నది నాకు ఎవరూ చెప్పలేదు! దాదాపు అంతా మావారికి చదివి వినిపించాను, నడుము నొక్కడం ఇవాళే ప్రాక్టీస్ చేశాం. ఇంకా మిగిలినవి కుట్లు, పేగు మెడకు చుట్టుకోవడం. ఆపరేషన్ సంగతీ చెప్పండి, రెండూ చూసినవాళ్ళు.

లేబర్‌రూమ్_సిస్టర్

కుట్లు: తొలి కాన్పులో ఎంతో కొంత చిరగడం ఎక్కువమందికి జరుగుతుంది. చాలావరకు అవి పైపై చర్మం, కొంచెం కండ. తిమ్మిరి మందు వేసి కుడతాం, దారం దానంతటదే కరిగిపోతుంది. కొన్ని వారాల్లో మానుతుంది. మలద్వారం కండరం దాకా వెళ్ళేవి కొద్దిమందికే, వాటిని ఆపరేషన్ గదిలో జాగ్రత్తగా కుడతారు. 35వ వారం దగ్గర నుంచి వారానికి ఒకట్రెండుసార్లు కింది భాగాన్ని వేళ్ళతో మెల్లగా సాగదీసే మసాజ్ చేసుకుంటే తొలి కాన్పులో కుట్ల అవసరం కొంత తగ్గుతుంది. ఎలా చేయాలో నీ చెకప్‌లో అడిగి చూపించుకో. ముక్కేటప్పుడు గోరువెచ్చని గుడ్డ అద్దడం కూడా పెద్ద చిరుగులు తగ్గిస్తుంది. తల బయటికొస్తున్నప్పుడు "ఇప్పుడు ముక్కకు, ఉఫ్ ఉఫ్ మని ఊదు" అంటాం. ఆ మాట వినడమే నువ్వు చేయగలిగిన పెద్ద సాయం, తల నెమ్మదిగా రావాలి. కోత అందరికీ పెట్టేయడం అవసరం లేదు, నీకు అవసరమైతే చెప్పి పెట్టమని అడుగు.

పేగు: దాదాపు నలుగురైదుగురు బిడ్డల్లో ఒకరికి బొడ్డుతాడు మెడ చుట్టూ ఉంటుంది. బిడ్డ లోపల ముక్కుతో ఊపిరి తీసుకోదు కదా, మెడ బిగిసి ఊపిరాడకపోవడానికి. ప్రాణవాయువు వచ్చేది ఆ తాడులోంచే. అందులోని రక్తనాళాల చుట్టూ జిగురులాంటి మెత్తటి పదార్థం ఉండి, నలగకుండా కాపాడుతుంది. తల బయటికి రాగానే వేలితో ఆ చుట్టు పైనుంచి తీసేస్తాం. అరుదుగా తాడు నొక్కుకుపోతే గుండె చప్పుడులో తెలుస్తుంది. నొప్పులు ముదిరాక ప్రతి 15 నుంచి 30 నిమిషాలకోసారి, ముక్కేటప్పుడు ప్రతి 5 నిమిషాలకోసారి వినేది అందుకే.

ఇద్దరి_అమ్మ

నాకు మొదటిది నార్మల్, రెండోసారి బిడ్డ అడ్డంగా ఉండి ఆపరేషన్. రెండూ కాన్పులే, దేనికదే కష్టం. ఆపరేషన్‌లో వెన్నుకు ఇంజెక్షన్ ఇచ్చారు, మెలకువగానే ఉన్నాను. నొప్పి లేదు కానీ లోపల లాగుతున్నట్టు, నొక్కుతున్నట్టు తెలుస్తుంది. అది ముందే తెలియకపోతే మత్తు పనిచేయలేదేమో అని హడలిపోతాం. బిడ్డ త్వరగానే బయటికొచ్చింది, కుట్లు వేయడానికే ఎక్కువసేపు పట్టింది. చెంపకు ఆనించారు. అసలు కష్టం తర్వాత. దగ్గినా, నవ్వినా, మంచం దిగినా పొట్ట పట్టుకోవాల్సిందే. మొదటిరోజే లేపి నడిపించారు, అదే మంచిదయింది.

భయం తప్పించుకోవడానికి మాత్రమే ఆపరేషన్ అడగాలనుకుంటే, ముందు ఆ భయానికి సాయం తీసుకో. గర్భసంచి మీద కోత పడితే తర్వాతి కాన్పుల్లో మాయ ఆ మచ్చ దగ్గర అతుక్కునే ప్రమాదం లాంటివి పెరుగుతాయి. అన్నీ తెలిశాక, డాక్టర్‌తో మాట్లాడాక కూడా నీకు అదే సరైనదనిపిస్తే నీ నిర్ణయం. ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

నీలికలువ

ఇందాక శ్వాస అన్నాను, ఎలాగో రాయలేదు. నేను చేసింది ఇదీ. నొప్పి మొదలవుతుండగా ముక్కుతో మామూలుగా తీసుకుని, నోటితో పొడుగ్గా, పెదవులు వదులుగా పెట్టి వదలడం. తీసుకునేదానికంటే వదిలేది పొడుగు ఉండాలి. ఈ నొప్పి దాటితే చాలు, తర్వాతిది అప్పుడు చూద్దాం అని ఒక్కోటీ దాటడం. మంచం మీద వెల్లకిలా పడుకోకుండా నిలబడి గోడకు చేతులు ఆనించి నడుము అటూ ఇటూ ఊపేదాన్ని. ఇప్పటి నుంచే రోజూ పడుకునే ముందు కాసేపు చేస్తే ఆ సమయానికి అలవాటుగా వచ్చేస్తుంది. మందు తీసుకునేవాళ్ళకు కూడా ఇది పనికొస్తుంది.

తొలకరి

నేనూ తొమ్మిదో నెలలో ఉన్నాను, ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నాను. నా టెన్షన్ ఒకటే: అవి నిజం నొప్పులో దొంగ నొప్పులో ఎలా తెలుస్తుంది? ఊరికే పరిగెత్తి తిరిగి పంపించేస్తే నామోషీ, ఆలస్యం చేస్తే ప్రమాదం.

లేబర్‌రూమ్_సిస్టర్

తిరిగి పంపడం మాకు మామూలే, నామోషీ ఏమీ లేదు. దొంగ నొప్పులు ఒక లెక్కలో రావు. లేచి నడిచినా, నీళ్ళు తాగినా, పడుకునే తీరు మార్చినా తగ్గిపోతాయి. అసలు నొప్పులు ఏం చేసినా తగ్గవు, దగ్గర దగ్గరవుతూ, గట్టిపడుతూ, ఎక్కువసేపు ఉంటాయి. తొలి కాన్పులో 5 నిమిషాలకోసారి, ఒక్కోటి దాదాపు నిమిషం, ఇలా ఒక గంటపాటు వస్తుంటే బయల్దేరండి. ఆసుపత్రి దూరమైతే, ఇంతకుముందు కాన్పయి ఉంటే ఇంకా ముందే.

కొన్నిటికి మాత్రం నొప్పుల లెక్క చూడొద్దు, వెంటనే రావాలి. ఉమ్మనీరు పోతే, ముఖ్యంగా అది ఆకుపచ్చగానో మట్టిరంగులోనో ఉంటే. జిగురులో కాస్త నెత్తుటి చార కనబడడం మామూలే, కానీ ఎర్రగా రక్తం కారితే. బిడ్డ కదలిక ఎప్పటికంటే తగ్గితే, తెల్లారనిద్దాం అనుకోవద్దు. భరించలేని తలనొప్పి, కళ్ళు మసకబారడం, పక్కటెముకల కింద నొప్పి, ముఖం ఉబ్బడం ఉంటే అది బీపీ పెరిగిన గుర్తు కావచ్చు, పెద్దవాళ్ళు గుర్రపువాతం అనే మూర్ఛలకు దారితీసేది ఇదే. జ్వరం ఉంటే, పొట్ట గట్టిపడి మధ్యలో వదలకుండా నొప్పి ఉంటే, 37 వారాలు నిండకుండానే నొప్పులు మొదలైతే కూడా అంతే.

ఏదీ తేల్చుకోలేకపోతే లేబర్ రూమ్‌కి ఫోన్ చేయండి. ఆ నంబరు ఇప్పుడే అడిగి, ఇంట్లో ఇద్దరి ఫోన్లలో వేసుకోండి. ఫోన్ చేసినప్పుడు ఎన్నో వారం, నొప్పి ఎంతసేపటికోసారి వస్తోంది, నీరు పోయిందా, రక్తం ఉందా, బిడ్డ కదులుతోందా, ఈ వరుసలో చెప్తే అవతలివాళ్ళు వెంటనే ఏం చేయాలో చెప్పగలుగుతారు.